మాస్టర్ ఫోన్

అనంతపురంలో నాకు చిన్న అంగడి ఉంది. కెమెరాలు, సైరన్లు, అలారాలు అమ్ముతాను, పిలిస్తే పోయి బిగిస్తాను. దొంగలకు భయపడేవాళ్లు కొందరొస్తారు. తెలిసిన మనుషులకే భయపడేవాళ్లు మరికొందరు. ఈ రెండోరకం వాళ్లు బేరమాడరు కానీ, పక్కన నిలబడి ప్రతి స్క్రూ బిగించేదాకా చూస్తారు.

బయ్యన్న రెండోరకం. ఉరవకొండ దాటి పన్నెండు కిలోమీటర్లు పోతే ఆయన ఊరు. ఇరవై రెండేళ్ల కిందట ఆయన తమ్ముణ్ణి ఎదుటి వర్గంవాళ్లు సొంత ఇంటి వెనక తలుపు దగ్గరే నరికేశారు. కేసులు నడిచాయి, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు, రెండు వైపుల వాళ్లూ చేతులు కలిపారు. ఆ మరుసటి నెలలోనే బయ్యన్న మిద్దె మీద సైరన్ పెట్టించాడు. రాజీ మీద ఆయన నమ్మకం అంతమాత్రం. వెనక తలుపుకు సెన్సార్ వేశారు. అది ఆన్‌లో ఉండగా ఎవరైనా తలుపు తెరిస్తే సైరన్ మోగాలి, ఊరు లేచి రావాలి.

ఇప్పుడు లేచి రావడానికి ఊరేదీ? వానల్లేక వేరుశనగ వరసగా ఎండిపోయి సగం జనం బెంగళూరు పోయారు. ఇళ్లకు తాళాలు. మొన్న మార్చిలో గాలికి తలుపు ఊగి సైరన్ పావుగంట మోగితే ఒక్క మనిషి తొంగిచూడలేదట. అందుకని బయ్యన్న నన్ను పిలిపించాడు, ఆ పాత అలారాన్ని ఇంటర్నెట్‌కు కలపమని. తలుపు కదిలితే ఫోన్‌కు కబురు రావాలి. ఆన్ చేసినా ఆఫ్ చేసినా ఫోన్ నుంచే జరగాలి.

పాత పెట్టెలో కొత్త బోర్డు వేసి వైఫైకి కలిపేసరికి రెండు గంటలు పట్టింది.

"ఇంగ మాస్టర్ ఫోన్ కావల్లన్నా," అన్నాను. "దీన్ని ఆన్ చేసేదీ ఆఫ్ చేసేదీ అదొక్కటే."

బయ్యన్న తల తిప్పలేదు, చెయ్యి చూపించాడంతే. ఆ చేతికి అవతల మారుతి ఉన్నాడు. మారుతి ఆయన డ్రైవర్, పన్నెండేళ్లుగా ఆ ఇంటి అన్నమే తింటున్నాడు. తన జేబులోంచి బయ్యన్న ఫోన్ తీసి, తన బొటనవేలు పెట్టి తెరిచి, నాకిచ్చాడు.

మా వైపు పెద్దమనుషులకు ఇదొక పద్ధతి. ఫోన్ చేత్తో పట్టుకు తిరిగేవాడు చిన్నవాడని లెక్క. పెద్దవాడి ఫోన్ వెనకవాడి జేబులో మోగాలి. వెనకవాడే ఎత్తి, అన్న పనిలో ఉండాడని చెప్పాలి. మరీ ముఖ్యమైతే స్పీకర్ పెట్టి అన్న మొహం ముందు పట్టుకోవాలి. ఈ వేషం చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

"అన్నా, ఇది మీ చేతిలోనే ఉండల్ల. మీ వేలు పెట్టండి, మారుస్తా," అన్నాను.

"నా వేలు దానికి పట్టదప్పా, గట్టిపడిపోయింది," అని నవ్వాడు. "వాని చెయ్యి, నా చెయ్యి వేరేనా?"

మారుతి కూడా నవ్వాడు. నేను ఇంకొక్క మాట అనాల్సింది. మా నాయన కదిరప్ప ఆ ఇంటి చేలల్లో పనిచేస్తూనే కాలం చేశాడు. ఆ వసారాలో నిలబడి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు కాలేదు. నోరు మూసుకుని ఆ ఫోన్‌నే మాస్టర్ చేసి వచ్చాను. రోషం నాకు మనసులోనే, నోట్లో లేదు.

బిగించినవాణ్ణి కాబట్టి నా అంగడి కంప్యూటర్లోనూ ఆ అలారం కనిపిస్తుంది. ఏ నిమిషానికి ఏం జరిగిందో వరసగా పడుతుంటుంది. పరీక్ష కోసం సైరన్ నేనూ మోగించగలను. తలుపు సెన్సార్ ఆన్ చెయ్యడం మాత్రం నా వల్ల కాదు.

మూడు వారాలైంది. శుక్రవారం మధ్యాహ్నం రామలక్ష్మమ్మ ఫోన్ చేసింది. బయ్యన్న భార్య.

"శశీ, వెనక తలుపు కాడ ఎర్రలైటు ఆరిపోతాండాది నాయనా. వైరు లూజయిందేమో ఒకతూరి వచ్చి చూడు."

"ఎప్పట్నుంచమ్మా?"

"సోమారం నుంచి చూస్తాండా. మీ అన్న అన్నం తిని పండుకున్యాక ఆరిపోతాది. కొంచేపటికి మళ్లా వస్తాది."

ఆ లైటు వెలుగుతుంటే సెన్సార్ కాపలా ఉన్నట్టు. ఆరితే లేనట్టు. నరికిన రోజు మరిది తలను ఒళ్లో పెట్టుకుని ఆ గడపలో కూర్చున్నది ఆమే. అప్పటి నుంచీ ఆ దారిన పోయిన ప్రతిసారీ లైటు వైపు చూసిగాని ముందుకు కదలదు.

కంప్యూటర్ తెరిచాను. వైరు బాగానే ఉంది. సోమవారం రెండూ ఇరవైకి వెనక తలుపు ఆఫ్, రెండు నిమిషాలకు మళ్లీ ఆన్. మంగళవారం అదే సమయానికి ఐదు నిమిషాలు. బుధవారం పావుగంట. నిన్న అరగంట. అన్నీ బయ్యన్న ఫోన్ నుంచే.

ఆ సమయానికి బయ్యన్న వెనక గదిలో గురక పెడుతుంటాడు. తలుపును ఎంతసేపు ఆపి ఉంచితే ఇంట్లో ఎవరూ పట్టించుకోరో ఎవరో కొలుచుకుంటున్నారు.

ఈ రోజు వరస చూశాను. రెండూ ఇరవైకి ఆఫ్. ఇప్పుడు మూడుకు పది నిమిషాలు తక్కువ. ఇంకా ఆన్ కాలేదు.

"అమ్మా, ఇంట్లో ఎవురుండారు ఇప్పుడు?"

"నేను ఉరవకొండలో ఉండా, కండ్ల డాక్టరు కాడ. రేపు పోతాలే అంటే మారుతే ఈపొద్దు చీటీ రాయించి బస్సెక్కిచ్చినాడు. మీ అన్న పండుకోనుంటాడు. ఏమప్పా, ఏమైంది?"

"అన్నను లేపల్లమ్మా. అన్నకు ఫోన్ చెయ్యి."

"ఫోను మారుతి కాడ గదా ఉండేది," అంది. అని ఆగిపోయింది.

ఫోన్‌లో ఆమె ఊపిరి వినిపిస్తోంది. వెనక ఆస్పత్రిలో ఎవరో పేర్లు పిలుస్తున్నారు.

"పన్నెండేండ్లు నా చేత్తో అన్నం పెట్టినా శశీ వానికి," అంది. అంతలోనే గొంతు మారింది. "సైరన్ కొట్టు. ఆడ్నుంచే కొట్టు. ఆయప్ప లేస్తాడు. నేను ఆటో పట్టుకోని పోతాండా."

ఫోన్ కట్టయింది. సైరన్ నొక్కాను. తెర మీద పడింది: సైరన్ ఆన్. నాలుగు సెకన్లకు ఇంకో వరస పడింది: సైరన్ ఆఫ్, బయ్యన్న ఫోన్. మళ్లీ నొక్కాను. ఈసారి మూడు సెకన్లు. అన్నం తిని పడుకున్న అరవై ఏళ్ల మనిషి మూడు సెకన్లలో లేస్తాడా? నొక్కుతూనే, ఇంకో ఫోన్ నుంచి పోలీసులకు చేశాను. ఊరు చెప్పాను, బయ్యన్న పేరు చెప్పాను. వస్తున్నాం, అరగంట పడుతుందన్నారు. ఎవరిని తిట్టాలో తెలియక నన్ను నేనే బూతులు తిట్టుకున్నాను.

సెన్సార్ ఆఫ్‌లో ఉన్నా తలుపు కదిలితే ఆ సంగతి తెర మీద పడుతుంది. ఐదోసారి సైరన్ ఆగాక పడింది: వెనక తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత ఇంకొకటి: అలారానికి ఇంటర్నెట్ లేదు. ఇంక ఎంత నొక్కినా సైరన్ మోగదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. బయ్యన్న అన్న అని పేరు చూపిస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచాడు, సైరన్ గోలకు నన్ను తిట్టడానికే చేస్తున్నాడు, ఎంత తిట్టినా పడతాను అనుకుంటూ ఎత్తాను.

"ఏమప్పా శశీ," అన్నాడు మారుతి, తీరుబడిగా. "సైరన్ ఊరికూరికే మోగుతాండాది. రిపేరొచ్చినట్టుండాది. నువ్వేం రావాకు, నేను చూసుకుంటా."

"అన్నకియ్యి. ఫోన్ అన్నకియ్యి మారుతీ."

అటువైపు నాపరాళ్ల మీద అడుగుల చప్పుడు. ఇద్దరో ముగ్గురో, చెప్పులతోనే నడుస్తున్నారు. ఆ ఇంట్లోకి చెప్పులతో ఎవరూ పోరు.

"అన్న ఎప్పుడన్నా ఫోన్ ఎత్తినాడా శశీ?" అన్నాడు.

ఫోన్ కట్ చెయ్యలేదు, జేబులో వేసుకున్నట్టున్నాడు. గుడ్డ రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. "అన్నా, లెయ్యన్నా! అన్నా!" అని అంగడిలో గొంతు చించుకుని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఆ అరుపు మారుతి జేబు దాటినట్టు లేదు.

కాసేపటికి దూరంగా, వెనక గదిలోంచి, నిద్రమత్తుతో బయ్యన్న గొంతు వినిపించింది.

"ఎవురప్పా అది? మారుతీ, చూడురా ఎవురొచ్చినారో."