సీలింగు కింద ప్యాసింజరు

రోజూ పొద్దున్నే భార్య సీతారామలక్ష్మికి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, చెంచాతో కాఫీ పట్టాక భాస్కరం గారు స్టూలెక్కి బండి వదిలేవారు. పాలకొల్లులో ఆ వీధివాళ్లందరికీ ఆ చప్పుడు అలవాటే.

ఆయన స్టేషన్ మాస్టరుగా రిటైరైన ఏడాదే ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది గానీ మెడ కింద ఏదీ కదలదు. "ఎంతసేపని ఆ ఫ్యాను చూడనండీ?" అని ఆవిడ అన్న పాపానికి ఆయన సీలింగుకి బొమ్మరైలు వేలాడదీసే పని నెత్తికెత్తుకున్నారు. నెల్లాళ్లు ప్లాన్లు గీశారు. వడ్రంగి గది చుట్టూ కొక్కేలకి చెక్కలు కట్టి పట్టాలు బిగించాడు. తీరా చూస్తే మంచం మీంచి బండి అడుగు తప్ప ఏమీ కనబడదు. ఆవిడ పగలబడి నవ్వింది. చెక్కలన్నీ రెండడుగులు కిందికి దింపించారు. వంటింటి గోడకి కంత కొట్టించారు. బండి అందులోంచి అటు వెళ్లి, చుట్టు తిరిగి ఇటు వస్తుంది.

సింగిల్ లైన్ మీద దారి ఖాళీ అన్న గుర్తుగా డ్రైవరు చేతికి టోకెను అందందే బండి కదలకూడదు. ఆయన ముప్పై నాలుగేళ్లు ఇచ్చిన టోకెను ఇనపగుండు. ఇంట్లో దానికి బదులు సైకిలు షాపులో దొరికిన ఇనప గోళీ. బొమ్మ స్టేషను పక్కనున్న గిన్నెలో అది వేస్తేనే తీగలు కలిసి కరెంటు వస్తుంది.

"స్విచ్చి పెడితే సరిపోయేదాన్కి ఇదంతా ఏంటండీ?" అన్నాడు వడ్రంగి.

"స్విచ్చి ఎవడైనా వేస్తాడయ్యా," అని కసిరారు.

రెండో వారంలో, ఆగి ఉన్న బండి కిటికీలో ఎదురింటి బుల్లియ్య కనబడ్డాడు, బియ్యపుగింజంత తల, భుజాన కండువా. బండి కంతలోకి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. అదే వేళకి బుల్లియ్య పోయాడని కబురొచ్చింది. తర్వాత వీధి చివరి అప్పాజీ, ఆ తర్వాత మరొకరు. వీధివాళ్లు పాలు తెచ్చుకుంటూ గుమ్మంలో ఆగి "ఇవాళ ఎవరండీ?" అని అడిగేవారు. ఎవరూ లేరంటే పనులకి పోయేవారు.

ఆషాఢంలో ఓ పొద్దున ఆయన గోళీ వేయబోతుంటే సీతారామలక్ష్మి అంది, "ఇవాళ ఇద్దరమండీ. పక్కింటి రాజరత్నం వాళ్లమ్మా, నేనూ."

ఆయన గోళీ జేబులో వేసుకుని స్టూలు దిగారు.

బండి ఆగిపోయింది. సీతారామలక్ష్మి వీపు మీది పుండు ఎముకదాకా దిగింది. కట్టు మార్చినప్పుడల్లా ఆవిడ పళ్లు బిగపట్టేది. రాజరత్నం తల్లికి గొంతులో క్యాన్సరు, డాక్టర్లు ఇంటికి పంపేశారు. మంచినీళ్లు దిగక ఆవిడ పెట్టే మూలుగు గోడ దాటి వినబడేది.

"బండెందుకు ఆగిందండీ బాబాయిగారూ?" అని రాజరత్నం వచ్చి అడిగింది.

"రిపేరమ్మా," అన్నారు, ఆవిడ మొహం చూడలేక.

పన్నెండో రోజు కట్టు మారుస్తుంటే సీతారామలక్ష్మి అడిగింది.

"మీ సర్వీసులో ఏ బండినైనా ఊరికే నిలబెట్టారా?"

"లేదు."

"లోపల జనం ఉన్నారండీ. నేనొక్కదాన్నే కాదు."

"నువ్వెళ్లిపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి సీతా?"

"కాఫీ తాగండి. మూడేళ్లుగా చల్లారిపోయాకే తాగుతున్నారు."

ఆయన ట్రంకుపెట్టెలోంచి పచ్చజెండా తీశారు. స్టూలెక్కి గోళీ గిన్నెలో వేశారు. బండి కదిలింది. కిటికీ దగ్గర, రాజరత్నం తల్లి పక్కన, సీతారామలక్ష్మి నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ కూర్చోగా చూసి మూడేళ్లయింది. ఒక్కసారి వెనక్కి చూస్తుందేమోనని కంతదాకా కళ్లార్పకుండా చూశారు. చూడలేదు. బండి ఖాళీగా తిరిగొచ్చింది. మంచం వైపు తిరగడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

గుమ్మంలో రాజరత్నం, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"అమ్మ పోయిందండీ. బండి వదిలారా?"

"వదిలానమ్మా," అన్నారాయన జెండా చుడుతూ. "పన్నెండు రోజులు లేటు."