ఆదిభట్లకు రోజూ ఒక ప్రయాణం

ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి, ఆ కాగితం మీద మూడు రోజులు వరసగా సున్నాలు పెట్టాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది.

సంగతేమిటంటే, మా ఇబ్రహీంపట్నం నడిబజారులోంచి ఆదిభట్ల దాకా ట్రామ్ బండి వేయాలని అనుకుంటున్నారు. పట్టాలు రోడ్డులోనే ఉంటాయట, కరెంటుతో నడుస్తుందట. స్టాపులు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి సింధు అనే సర్వే పిల్ల ఇంటింటికీ ఒక కాగితం పంచింది. వారం రోజులు ఎక్కడికి వెళ్లామో, ఎందుకు వెళ్లామో అందులో రాయాలి.

"ఇల్లు దాటకుంటే సున్నా రాయి చాచా," అంది. "పూరా సున్నాలే ఉంటే మాత్రం నీ కాగితం లెక్కకు రాదు."

లెక్కకు రాదట. నా భార్య గులాబ్ బీ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి పాలవాడు తప్ప నా తలుపు కొట్టినవాడు లేడు, నేను కొట్టిన తలుపూ లేదు. ఇంట్లో మనిషి గొంతు వినబడాలని ఒక్కోసారి చాయ్ గిన్నెతో తగువు పెట్టుకుంటాను. ఆ సంగతి సర్కారుకు రాసివ్వాలా?

నాలుగో రోజు కోపం కొద్దీ కలం తీసి రాసేశాను: ఆదిభట్ల, నారయ్య ఇల్లు. ఎందుకు: దోస్తును కలవడానికి. ఐదో రోజూ అదే, ఆరో రోజూ అదే. ఒక అబద్ధం ఆడితే రెండోది దానంతటదే వస్తుంది.

నారయ్య నా డ్రైవరు. పంతొమ్మిదేళ్లు ఒకే బండి మీద పనిచేశాం, ఒకే డబ్బాలో తిన్నాం. ఆరేళ్ల కిందట, ఇద్దరం రిటైరయ్యే ముందు, ఒక ముసలామె ఫుట్‌బోర్డు మీద ఉండగానే బండి కదిలింది. పడి కాలు విరగ్గొట్టుకుంది. కండక్టరు "రైట్" అంటేనే డ్రైవరు బండి తీయాలి. విచారణలో అడిగితే, నేను అనలేదని చెప్పాను. అన్నాను. ఆమె ఎక్కిందో లేదో చూడకుండానే అన్నాను. వాడు పక్కనే నిలబడి నా ముఖం చూశాడే తప్ప నోరు విప్పలేదు. శిక్ష వాడికి పడింది. గులాబ్ బీ మట్టికి వచ్చి, గుప్పెడు మన్ను వేసి, మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. తప్పు నాదిరా అని ఒక్క మాట అంటే ఆ మనిషి నాకు మళ్లీ దక్కేవాడేమో. ఆ ఒక్క మాటకే నోరు రాలేదు, సిగ్గుమాలిన బతుకు.

ఏడో రోజు పొద్దున సింధు వచ్చింది. కాగితం చూసి నవ్వింది.

"మస్తు తిరుగుతున్నవ్ చాచా. ఒక్క జాగకే మూడుసార్లు పోతే అవుతల గుడ అడగాలె. దోస్తు నంబరు చెప్పు."

"ఎందుకు బిడ్డా, ఆయన పనిల ఉంటడు."

"ఒక్క నిమిషమే."

ఆరేళ్లుగా నొక్కబోయి మానేస్తున్న నంబరు అది. మరిచిపోయానని చెప్పాల్సింది పోయి, గడగడా అప్పజెప్పాను. సింధు స్పీకర్ పెట్టింది.

"సర్వే ఆఫీసుకెల్లి మాట్లాడుతున్న. ఇబ్రహీంపట్నం అహ్మద్ అలీ చాచా మీ ఇంటికి వస్తుంటడా?"

ఇంకేముంది, పరువు గంగలో కలిసిందనుకున్నాను.

"అవ్, వస్తడు," అన్నాడు నారయ్య. గొంతు బొంగురుపోయింది, ముసలివాడైపోయాడు.

"ఎన్ని దినాలకోపారి?"

"రోజు వస్తడు. ఇయ్యాల్నే ఇంక రాలే."

సింధు కాగితం మీద టిక్కు పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల ముందు సిగ్గు కూడా వేయలేదు. చెయ్యి చాచి ఫోను లాక్కున్నాను.

"నారయ్యా," అన్నాను. "గా దినం రైట్ అన్నది నేనే."

"నాకు ఎర్కలేదా అలీ. నీ మాట మీదనే గద బండి తీసిన," అన్నాడు. "గది నీ నోట ఇనాలెనని ఆరేండ్ల సంది కూసున్న."