మంచం కింది సీసా

ఆ ఇంటికి బయల్దేరక ముందే టీచరు మనసులో తీర్పు ఇచ్చేసింది. ఇక వెళ్ళి వినిపించి రావడమే తరువాయి. చిన్నపిల్లల బడిలో చేరి ఇన్ని నెలలైనా చిట్టి నోరు విప్పలేదు. పాట పాడదు, దాహమేసినా అడగదు, కింద పడి మోకాలు చెక్కుకుపోయినా ఏడవదు. మాటలు రాని పిల్లల బడి ఊరికి ఆ చివర వేరే ఉంది. అక్కడికి పంపేద్దామని పెద్ద మేడమ్‌ని ఒప్పించింది కూడా. అయితే ఈ బడిలో ఒక పద్ధతి ఉంది. ఏ పిల్లనైనా పంపే ముందు టీచరు వాళ్ళింటికి వెళ్ళి, కాసేపు కూర్చుని, చూసి రావాలి.

"ఏముంది చూడ్డానికి? తల్లి పొద్దున్నే పిల్లని గుమ్మంలో దింపి పరుగో పరుగు. ఒక్క మీటింగుకీ రాదు. ఇంట్లో పలకరించే దిక్కుంటే కదా మాటలొచ్చేది!" అని దారి పొడవునా సణుక్కుంది. ఆవిడ ఓపికా ఎప్పుడో అడుగంటింది లెండి. ఆయా మానేశాక ఆమె బదులు ఎవర్నీ వేయలేదు. గది నిండా పిల్లలు, చూసుకోవడానికి ఒక్కతే మనిషి. ఒకడి ముక్కు తుడిచేలోపు ఇంకొకడు కిటికీ ఎక్కుతాడు. అయినా తన గది అంత నిశ్శబ్దంగా బడిలో ఏ గదీ ఉండదని ఆవిడకు లోలోపల బోలెడు గర్వం.

మెట్లెక్కి తలుపు తట్టబోతూ ఆగింది. లోపల ఎవరో చిన్నపిల్ల గలగలా మాట్లాడుతోంది. పక్కింటి పిల్ల కాబోలు అనుకుని, ఓరగా తెరిచి ఉన్న తలుపులోంచి చూసింది.

చిట్టి! తల్లి తను పనిచేసే మందుల కంపెనీ నుంచి తెచ్చిన ఖాళీ సీసాలను గోడవారగా వరసగా నిలబెట్టి, భుజాన తువ్వాలు పైటలా వేసుకుని, ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది.

"అందరూ నా బంగారాలు కదూ! చేతులు కట్టుకోండి. నోటి మీద వేలేసుకోండి. అల్లరి చేస్తే ఏమవుతుందీ? ఏడిస్తే ఏమవుతుందీ? సాయంత్రం అమ్మ రాదు."

ఒక చిన్న సీసాను ఎత్తి, మంచం కిందికి తోసింది.

"నువ్వు ఏడ్చావు. మీ అమ్మ రాలేదు. నేను చెప్పానా, లేదా?"

టీచరు ఆ మాటలు గుర్తుపట్టింది. ఆ సాగదీత తనది. ఆ 'బంగారాలు' అనే పిలుపూ తనదే. చెయ్యెత్తి ఏనాడూ ఒక్క పిల్లను కొట్టలేదు. గొంతు పెంచి ఎరగదు. నవ్వుతూ ఆ ఒక్క ముక్క అంటే చాలు, గదంతా గప్‌చిప్. అంత తేలికైన ఉపాయం ఇంకొకటి దొరకలేదు మరి.

తల్లి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యో టీచరుగారూ, గుమ్మంలోనే నిలబడిపోయారేంటండీ! లోపలికి రండి."

టీచర్ని చూడగానే చిట్టి నోరు ఠక్కున మూతపడింది. వెళ్ళి తల్లి వెనక నక్కింది.

"ఇంట్లో చెవులు చిల్లులు పడేలా వాగుతుందండీ. బడిలో ఎందుకు మాట్లాడదో అర్థమే కాదు." తల్లి కొంగుతో చేతులు మళ్ళీ తుడుచుకుంది. "చేరిన కొత్తలో ఒకరోజు కంపెనీలో మిషను ఆగిపోయి మమ్మల్ని వదల్లేదు. చీకటి పడ్డాక వచ్చాను. ఆ రోజు పిల్ల బాగా ఏడ్చిందట కదా? అప్పట్నుంచే ఇలా. తప్పంతా నాదేనండీ. బడి మార్చాలని పెద్ద మేడమ్ కబురు చేశారు, మీరు ఏ బడికి పంపమంటే ఆ బడికి పంపుతాను."

ఆ రోజు టీచరుకు గుర్తుంది. ఏడుస్తున్న చిట్టి బుగ్గ గిల్లి మరీ చెప్పింది, అమ్మ రాదని. చీకటి పడేదాకా అమ్మ నిజంగానే రాలేదు.

ఇప్పుడు తల ఊపి వెళ్ళిపోతే సరి. ఆ తల్లే తప్పు నెత్తిన వేసుకుంది. ఎవరడగొచ్చారు?

"కాదమ్మా," అంది టీచరు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తప్పు మీది కాదు. ఏడిస్తే అమ్మ రాదని నేనే చెప్పాను. ఆ రోజూ చెప్పాను. రోజూ అందరికీ చెప్తూనే ఉన్నాను."

తల్లి వెనక్కి చెయ్యి చాపి పిల్లను పట్టుకుంది. "ఇంత పిల్లకి... అమ్మ రాదని చెప్పారా?"

"ఒక్కదాన్నే అమ్మా, గది నిండా..." అనబోయి ఆపేసింది. చెప్పుకోవడానికి సిగ్గేసింది. నేల మీద చతికిలబడి, "చిట్టీ, టీచరు అబద్ధం చెప్పింది. ఏడ్చినా అమ్మ వస్తుంది. అరిచి గోల చేసినా వస్తుంది. నిన్ను ఇంకే బడికీ పంపం, నువ్వు నా గదిలోనే ఉంటావు," అంది.

చిట్టి తల్లి వైపు చూసింది. తల్లి అవునన్నట్టు తలాడించింది. పిల్ల పెదవి వణికింది. అంతే, ఇన్నాళ్ళదీ కట్ట తెగినట్టు భోరుమంది. ఊరుకోబెట్టబోయి టీచరు అలవాటుగా చెయ్యి చాపింది.

"ఏడవనీయండి," అంది తల్లి గట్టిగా. ఏడ్చి ఏడ్చి పిల్లకు ఎక్కిళ్ళొస్తుంటే, మంచినీళ్ళు తెద్దామని తల్లి వంటింటి వైపు ఒక్క అడుగు వేసింది.

చిట్టి ఏడుపు టక్కున ఆగిపోయింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని తల్లినే చూస్తోంది.

తల్లి ఉన్నచోటే కూలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. టీచరే వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.