ఉంటే మంచిది

"మళ్ళీ వెన్న కత్తే జామ్ సీసాలో ముంచావు," అంది ఐరిన్.

నార్మన్ సీసాలోకి తొంగిచూశాడు. నారింజ తొక్కల మధ్య వెన్న తెల్లటి చారలా అంటుకుని ఉంది.

"వెన్నయినా జామయినా పోయేది ఈ కడుపులోకేగా!"

"వేరే చెంచా తీసుకుంటే బాగుంటుంది."

"ముప్ఫై నాలుగేళ్ళుగా బాగుంటుందనే అంటున్నావు. తీసుకో అని ఒక్కసారన్నా అన్నావా?"

ఐరిన్ చెంచా కొనతో ఆ చారను తీసేసి, సీసా మూత బిగించి, కోటు తొడుక్కుంది. యాభై తొమ్మిదేళ్ళ సన్నటి మనిషి. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఇవతలి సీట్లోనే కూర్చుంటుంది. దిగేటప్పుడు ఎవరినీ కాళ్ళు జరపమని అడగక్కర్లేదు.

కౌన్సిల్ ఆఫీసులో, సంరక్షణ విభాగంలో ఆమె గుమాస్తా. ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకు రోజూ వెళ్ళొచ్చే సంరక్షకులు చెప్పింది కంప్యూటర్లోకి ఎక్కించడం, మర్నాడు వెళ్ళాల్సిన ఇళ్ళ చీటీలు వాళ్ళ చేతికివ్వడం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. పాత కంప్యూటర్లో ప్రతి మనిషి పేజీకీ అడుగున 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉండేది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఐరిన్ మాత్రం నింపుతూ వచ్చింది; ఆమె రాసింది చీటీ మీద కూడా అచ్చయ్యేది. 'కుక్క మొరుగుతుంది, కరవదు.' 'కొడుకు మాట ఎత్తవద్దు.' 'ఆగ్డెన్ గారు: గంట వినపడదు. ఆయన కుర్చీ ఇంటి వెనక, వంటింటి కిటికీ దగ్గర. పూలకుండీలో చెంచా ఉంటుంది. దానితో అద్దం మీద రెండుసార్లు కొట్టాలి.'

ఇప్పుడు మూడు కౌన్సిళ్ళు కలిసి, ప్రభుత్వ గ్రాంటు తెచ్చుకుని, కొత్త రికార్డుల వ్యవస్థ కొంటున్నాయి. కిందటేడు టెండరు పిలిచే ముందు, అందులో ఏమేం ఉండాలో చెప్పమని ఒక జాబితా ఐరిన్ బల్ల మీదకూ వచ్చింది. ఒక్కొక్క అంశానికీ ఎదురుగా రెండే మాటలు: తప్పనిసరి, ఉంటే మంచిది. 'ఇతర విషయాలు' దగ్గర ఆమె పెన్సిలు చాలాసేపు ఆగింది. తను నింపుకునే గడి కోసం తనే పట్టుబట్టడం బాగుండదనిపించింది. 'ఉంటే మంచిది' దగ్గర టిక్కు పెట్టింది. పక్కన సన్నటి అక్షరాలతో 'ఎవరికీ ఇబ్బంది లేకపోతేనే' అని కూడా రాసింది.

టెండరు దక్కిన కంపెనీ ఆ గడికి విడిగా డబ్బడిగింది. తప్పనిసరి కాదు కాబట్టి కొట్టేశారు.

పరీక్ష కోసం రెండు వారాలుగా ఒక పేటలోని నలభైమంది చీటీలు కొత్త వ్యవస్థ నుంచే వస్తున్నాయి. ఆ బుధవారం పొద్దున పై అధికారి ఫిలిప్పా కాగితాలు పట్టుకుని వచ్చింది.

"కొత్త వ్యవస్థ సరిగ్గా ఉందని రేపు మధ్యాహ్నానికి సంతకాలు అయిపోవాలి ఐరిన్ గారూ. మూడు సంతకాల్లో, వాడేవాళ్ళ తరఫున, మీదొకటి. ఈ నెల దాటితే గ్రాంటు మురిగిపోతుంది. మీకంతా బాగానే ఉందిగా?"

"బాగానే ఉన్నట్టుందండీ," అంది ఐరిన్.

పదకొండింటికి మొయిరా గొడుగు దులుపుకుంటూ వచ్చింది. పాత సంరక్షకురాలు మోకాలి ఆపరేషన్‌కు సెలవు పెడితే ఆమె బదులు సోమవారం చేరిన మనిషి.

"ఆ ఆగ్డెన్ తాత ఎటన్నా ఊరెళ్ళాడా ఏంటి? మూడు రోజుల నుంచీ గంట నొక్కి నొక్కి నా వేలు పడిపోయింది. 'ఇంట్లో లేరు' అని టిక్కు పెట్టేశా."

"కిటికీ కొట్టలేదా?"

"ఏ కిటికీ?"

ఐరిన్ ఆమె చేతిలో చీటీ తీసుకుని చూసింది. 'వినికిడి లోపం: ఉంది.' ఇంకేమీ లేదు.

మొయిరా కారులోనే ఇద్దరూ వెళ్ళారు. వెనక సందులో, తడిసిన రాతి గట్టు మీద, జెరేనియం పూలకుండీ. మట్టిలో గుచ్చి చెంచా. పదకొండేళ్ళ కిందట ఎవరి బదులో ఐరిన్ ఒక్కసారి ఇక్కడికి వచ్చింది. అప్పుడాయన అన్నాడు, "దాన్ని మళ్ళీ కుండీలోనే పెట్టెయ్ అమ్మాయీ. రేపొచ్చేవాళ్ళకు దిక్కుండాలి కదా." అప్పటికి ఐరిన్‌కు నలభై ఎనిమిది. అమ్మాయీ అన్నందుకు బస్సులో ఇంటిదాకా నవ్వుకుంది.

రెండుసార్లు కొట్టింది. అద్దం వెనక కుర్చీ, కుర్చీకి ఆనించిన నెరిసిన తల కనిపిస్తున్నాయి. ఇంకో రెండుసార్లు కొట్టింది. మొయిరా వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

పోలీసులు తలుపు తీశారు. ప్రాణం సోమవారం రాత్రి పోయుంటుందని, మంగళవారం కూడా కావచ్చునని డాక్టరు చెప్పాడు. "సోమవారం ఎవరన్నా చూసుంటే..." అని మొదలుపెట్టి, వాళ్ళిద్దరి మొహాలు చూసి ఆపేశాడు.

సాయంత్రం భోజనానికి కూతురు జానిస్ వచ్చింది. బుధవారాలు వస్తుంది. సాసేజీలు, బఠాణీలు, ఆ తర్వాత రొట్టే జామూ. ఐరిన్ బఠాణీలను ఫోర్కుతో అటూ ఇటూ జరిపింది గాని తినలేదు.

"ఫిలిప్పాగారు ఇందాక ఇంటికి ఫోన్ చేసిందమ్మా," అంది జానిస్. "నీ తప్పేం లేదని చెప్పమంది. రేపటి సంతకం మాత్రం మర్చిపోవద్దంది."

"నేను సంతకం పెట్టను."

"గ్రాంటు పోతుందేమో కదమ్మా. అందరూ నీ మీద పడతారు. రిటైరవ్వడానికి ఇంకొక్క ఏడాదేగా నీకు."

"పడనీ. ఆ గడి తప్పనిసరి." ఫోర్కు పక్కన పెట్టింది. మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా. "తప్పనిసరి. రేపు వెళ్ళి ఈ మాటే రాసిస్తాను."

జామ్ సీసా మీదికి వెళ్ళిన నార్మన్ కత్తి గాలిలో ఆగింది. భార్య మొహం చూశాడు. కత్తి పళ్ళెంలో పెట్టి, లేచి, సొరుగులోంచి శుభ్రమైన చెంచా తెచ్చుకున్నాడు.

ఐరిన్ పళ్ళెం పక్కన ఇంకో చెంచా ఉంది. కోటు జేబులో పడి ఇంటికి వచ్చేసింది. అద్దానికి తగిలి తగిలి దాని వీపు నున్నగా అరిగిపోయింది. కాడ కొసన కుండీ మట్టి ఇంకా తడిగానే ఉంది.