చంకకర్రల హాజరుపట్టీ

నేను పరుగు పోగొట్టుకున్నది ఒక మంగళవారం. ఐదో హర్డిల్ దాటి కాలు నేలకు ఆనగానే గజ్జలో పటుక్కుమంది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. కండ పట్టేసిందన్నారు. ఏడు నెలలు కాపడాలతో గడిచాక, తుంటిని జానెడు పొడవున కోసి తెరిచారు. మచ్చ మిగిలింది, పరుగు మిగల్లేదు. స్టాప్‌వాచి పట్టుకుని మైదానం చివర నా కోసం నిలబడే నాన్న, ఆ తర్వాత చెల్లి కోసం నిలబడ్డాడు.

నాన్న పోయి ఏడాది కాకముందే చెల్లికీ అదే కాలు, అదే నొప్పి.

డాక్టరుగారు కాగితం మీద తుంటి బొమ్మ గీశారు. కీలు గిన్నె అంచు చుట్టూ మెత్తటి పట్టీలాంటిది ఉంటుందట. అది చిరిగింది.

"పెద్ద కోత ఉండదమ్మా. మూడు చిల్లులు. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతా వాటిలోంచి పనిముట్లు. చిరిగింది కుట్టేస్తాం."

"నాకు ఇలా ఎందుకు చెయ్యలేదండీ?"

"పదహారేళ్ళ కిందట ఇది ఎంతమందికి వచ్చు చెప్పండి?"

ఆయన తప్పేం లేదు.

ఆపరేషన్ అయ్యాక కట్టు మారుస్తుంటే చూశాను. మూడు గాట్లు, ఒక్కోటీ చొక్కా గుండీ పట్టేంత.

"దీనికా ఇంత హడావుడి? దోమ కుట్టినట్టుంది" అని నవ్వింది చెల్లి.

నాకు కడుపు మండింది. ఇంతకంటే మర్యాదైన మాట కోసం వెతికాను, దొరకలేదు.

వ్యాయామాలు చేయించే అమ్మాయి గళ్ళు గీసిన కాగితం పట్టీ ఒకటి ఇచ్చింది. ఆరు వారాలు చంకకర్రలు వదలకూడదు, నాలుగు నెలలు పరుగు ఊసెత్తకూడదు. "నొప్పి లేదు కదా అని మోసపోవద్దు. పైన చిల్లు చిన్నదే, లోపల కుట్టు ఇంకా పచ్చిది" అంది. రోజుకో గడి. టిక్కు పెట్టే పని నాది.

"హెడ్మాస్టరు చేతికి రిజిస్టరు దొరికింది. ఇంక నా పని అయిపోయినట్టే" అంది చెల్లి. నేను బడిలో టీచర్నని దాని వెటకారం.

నాలుగో వారం, శనివారం సాయంత్రం. ఇంట్లో జవాబు పత్రాలు దిద్దుతూ కాస్త గాలి కోసం లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురుగా మైదానం. చెల్లి చంకకర్రలను గోడకు ఆనించి గీత మీద నిలబడి ఉంది. మెడలో నాన్న స్టాప్‌వాచి. పది అడుగులు నడిచింది. తర్వాత పరిగెత్తింది. నెమ్మదిగానే, కానీ కాలు ఎక్కడా ఈడవలేదు. కలలో నేను పరిగెత్తేది అచ్చం అలాగే.

కిటికీ తెరిచే ఉంది. బడిలో రెండు గదుల అవతలికి వినపడే గొంతు నాది. పిలవలేదు. పరిగెత్తనీ అనుకున్నాను. నిజం రాయాలంటే, ఆ కుట్టు నిలవకూడదని కూడా అనుకున్నాను.

చెల్లి ఇంటికొచ్చేసరికి దాని మొహం వెలిగిపోతోంది.

"ఎక్కడికెళ్ళావే?"

"వీధి చివరిదాకా. కర్రలతోనేలెండి, హెడ్మాస్టరుగారూ!"

ఆ రోజు గడిలో టిక్కు పెట్టాను. బడికి రాని పిల్లకు నేను ఏనాడూ హాజరు వెయ్యలేదు.

మూడు రోజులకు నొప్పి మొదలైంది. కుట్టు విడిపోయిందని స్కానింగులో తేలింది. మళ్ళీ చెయ్యాలి. ఈసారి పరుగు తిరిగొస్తుందని ఇప్పుడే చెప్పలేనన్నారు డాక్టరుగారు. పట్టీ అటూ ఇటూ తిప్పి చూశారు.

"అన్నీ సరిగ్గానే పాటించినట్టుందే?"

నేను నోరు తెరిచాను. చెల్లి నాకంటే ముందే అందుకుంది.

"అక్క తప్పేం లేదండీ. నేనే తనకు తెలియకుండా పరిగెత్తాను. అడిగితే అబద్ధం చెప్పాను."

తిరిగి వచ్చేటప్పుడు కారులో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"నువ్వు చూసుంటే చెంప పగలగొట్టేదానివి కదూ?"

"ఊఁ" అన్నాను.

ఆపరేషన్ వచ్చే గురువారం. బడికి సెలవు పెట్టాను. ఆసుపత్రి సంచి సర్దాను. కొత్త పట్టీకి గీతలు కూడా గీశాను. ఆ సాయంత్రం నేను కిటికీ దగ్గర ఉన్నానని చెల్లికి ఇంకా చెప్పలేదు.