ఎదురుకాళ్ల కోడలు

మా అమ్మ కడుపులోంచి నా తల కన్నా ముందు కాళ్లు బయటికొచ్చాయట. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. ఊహ తెలిసినప్పటి నుంచీ నా పాదాలకున్న గిరాకీ నా మొహానికి ఎన్నడూ లేదు. పెళ్లిచూపులకొచ్చిన రోజున మా అత్త అనంతమ్మ నా జడ చూడలేదు, నడక చూడలేదు. "కాళ్లతోని పుట్టిన పిల్ల గీమెనేనా?" అని అడిగి, సంబంధం ఖాయం చేసుకుని పోయింది.

ఇబ్రహీంపట్నంలో మా వీధివాళ్లకు నేను యాదలక్ష్మిని కాదు, నడుము నొప్పికి మందుని. పొద్దున్నే పళ్లు తోముకోకముందే ఎవరో ఒకరు మా గడప దగ్గర బోర్లా పడుకుని ఉంటారు. తొక్కుతాను, టీ తాగిస్తాను, పంపిస్తాను. నాకూ అది గొప్పగానే ఉండేది, దాచుకోవడం దేనికి! మా అత్త నడుమైతే ఇరవై ఏళ్లుగా నా పాదాలకు అలవాటే.

అలాంటిదాన్ని ఒక ఆదివారం కాలు పెట్టనన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే లీదియా సంగతి ముందు చెప్పాలి.

నిరుడు మా అత్త బాత్రూంలో కాస్త జారింది. జారింది కాస్తే గానీ చెయ్యి విరిగింది. డాక్టరు స్కాన్ తీయించి, ఎముకలు గుల్లబారాయన్నాడు. మందులు రాసి, వాటితో పాటు వ్యాయామం కూడా తప్పదన్నాడు. "గీ వయసుల కసరత్తు జేసి నేనేమన్న కుస్తీకి పోతనా?" అని అత్త కొట్టిపారేసింది.

లీదియా మా ఊరి పిల్లే, ఫిజియోథెరపిస్టు. పట్నంలో ఉద్యోగానికి పోయేముందు, పొద్దున పూట సాగర్ రోడ్డు పక్కనున్న ఫంక్షన్ హాల్లో పెద్దవయసు ఆడవాళ్లకు వ్యాయామం నేర్పుతుంది. ప్లాట్లు అమ్మినవాళ్లంతా పెళ్లిళ్లు దంచికొడుతున్న రోజులవి. మేం వెళ్లేసరికి వేదిక మీద రాత్రి పెళ్లి తాలూకు బంతిపూలు వాడిపోయి ఉండేవి. ఆ పెళ్లి కుర్చీలే మా సామాన్లు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, మెల్లగా కూర్చోవాలి. గోడకు వీపు ఆనించి తల నిటారుగా నిలపాలి. మడమలు ఎత్తి దించాలి. ఒంటికాలి మీద నిలబడాలి. రెండు చేతుల్లో కందిపప్పు పొట్లాలు పట్టుకుని లేపాలి. అత్తను దింపి రావడానికి పోయిన నేను ఊరికే కూర్చోలేక ఆ వరసలో నిలబడ్డాను.

ఎండాకాలం పోయేసరికి అత్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కింది. ఎక్కి, చెయ్యందించబోయిన కండక్టరును ఎగాదిగా చూసింది.

లీదియా రోజూ ఒక్క మాట మాత్రం మా చెవుల్లో పోరుతూ ఉండేది. "నడుము వంచి బరువు లేపద్దు, మోకాళ్లు వంచుండ్రి. ముందుకు వంగి లేపితే వెన్నుపూస బిస్కెట్ లెక్క నలుగుతది. ఎప్పుడన్న ఈపుల పటుక్కుమంటే కదలకుండ పండుకోవాలె, నాకు ఫోన్ చెయ్యాలె. రుద్దుడు, తొక్కుడు అసలే వద్దు."

తొక్కుడు అన్నప్పుడు నా వైపు చూసింది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకొద్దు? నా కాలుతోని లేసి నడిచినోళ్లు మస్తుమంది ఉన్నరు," అన్నాను.

"పట్టేసిన కండరమైతే ఏం కాదక్కా. నలిగిన ఎముకైతే ముక్క ఎనకకు జరిగి నరాలను నొక్కుతది. ఇగ కాళ్లు పడిపోతయి," అంది లీదియా, కోపం లేకుండానే.

ఆ మాట నన్ను వదల్లేదు. అన్నం తింటున్నా గుర్తొచ్చేది.

ఇక ఆ ఆదివారం. మా ఆడబిడ్డ వజ్రమ్మ జల్‌పల్లి నుంచి పొద్దున్నే దిగింది. మర్నాడు ఆమె కూతురు పూజిత నిశ్చితార్థం, అమ్మమ్మను తీసుకుపోవడానికి వచ్చింది. కూతురొచ్చిన సంబరంలో మా అత్త నేర్చుకున్నదంతా గాలికొదిలేసింది. సన్నబియ్యం వండిస్తానని మంచం కిందికి నడుము వంచి, నిండు సంచి పట్టుకుని గుంజింది.

పెరట్లో బట్టలుతుకుతున్న నాకు కేక వినబడింది. పరుగెత్తుకొచ్చేసరికి అక్కాతమ్ముళ్లిద్దరూ ఆమెను చెరో రెక్క పట్టి, గడప దగ్గర చాప మీద బోర్లా పడుకోబెట్టేశారు.

"లక్ష్మీ, జల్ది రా. అమ్మకు నడుము పట్టింది, జర కాలు పెట్టు," అన్నాడు నా మొగుడు మహేశ్వర్. ఆయనది ప్లాట్ల వ్యాపారం. ఆదివారమొస్తే పట్నంవాళ్లను కారెక్కించుకుని యాచారం వైపు వెంచర్లు చూపించుకొస్తాడు. జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఎట్ల పట్టింది?"

"బియ్యం సంచి గుంజింది. ఈపుల పటుక్కుమన్నదంట," అంది వజ్రమ్మ.

చేతుల సబ్బు నురగ కూడా కడుక్కోకుండా అత్త పక్కన కూలబడ్డాను.

"అత్తమ్మా, కాళ్ల వేళ్లు కదిలియ్యి."

కదిలించింది. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది.

"నేను కాలు పెట్ట. లీదియమ్మను పిలుస్త. గప్పటిదాంక ఎవ్వరు ముట్టకుండ్రి," అన్నాను.

వజ్రమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. "ఊరందరికి పెడతవు, మా అమ్మకు పెట్టవా? రేపు నా బిడ్డ నిశ్చితార్థం. అమ్మమ్మ లేకుండ ఎట్లయితది?"

"ఎముక నలిగిందేమో వదినె. తొక్కితే కాళ్లు పడిపోతయి."

"ఇరువై ఏండ్ల సంది తొక్కుతున్నవ్ కదా, ఎన్నడన్న పడిపోయినయా? ముసలిదాన్ని తీస్కపోయి కసరత్తులు చేపిచ్చినవ్, నడుము పాడైంది. ఇప్పుడు కాలు పెట్టనంటున్నవ్. మా అమ్మ మంచాన పడితే నీకు మంచిగుంటదా?"

వేరే రోజైతే ఆమెకు మాటకు మాట వడ్డించేదాన్ని. ఆ రోజు కోపం కన్నా భయమే ఎక్కువైంది. లీదియాకు ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. ఆదివారం, చర్చిలో ఉంటుంది. చర్చి ఊరికి ఆ చివర. పోయి పిలుచుకొద్దామంటే, నేను గడప దాటగానే వీళ్లు ఏం చేస్తారో తెలీదు. కదల్లేక, ఆగలేక, మళ్లీ మళ్లీ ఆ నంబరే నొక్కాను.

అప్పుడు మా అత్త, చాపలో మొహం పెట్టుకునే అంది. "పిల్లా, నొప్పి ఓర్వలేకపోతున్ననే. అందరు నీకు అయినోళ్లే. నేను కానిదాన్నయిన్నా?"

ఇరవై ఏళ్లలో ఆ మనిషి నన్ను ఒక్క మాటా అనలేదని కాదు, చాలా అంది. ఇలా బతిమాలింది మాత్రం లేదు.

"నువ్వు పెట్టకపోతే పెట్టెటోళ్లు ఉన్నరు," అంటూ మహేశ్వర్ యాచారం సిద్దయ్యకు ఫోను కలిపాడు. సిద్దయ్య కూడా ఎదురుకాళ్లవాడే. నేను అరికాలితో నొక్కి వదిలేదాన్ని, అతను మాత్రం నడుము మీద ఎక్కి నిలబడతాడు. మనిషి చూస్తే తలుపంత ఉంటాడు.

మోటార్‌సైకిలు మీద అతనొచ్చేదాకా నేను అత్త వీపుకు కాపలా కూర్చున్నాను. వజ్రమ్మ గొణుగుతూనే ఉంది. మహేశ్వర్ ఫోనులో ఎవరికో "వస్తున్న సార్, దారిల ఉన్న" అని అబద్ధాలాడుతున్నాడు. లీదియా ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు.

సిద్దయ్య రానే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, పంచె ఎగగట్టాడు.

"అన్నా, ఆమె ఎముకలు గుల్లబారినయి. నువ్వు ఎక్కితే ఆగవు," అన్నాను అడ్డం నిలబడి.

"నాకు కొత్తనా చెల్లె? పక్కకు జరుగు," అన్నాడు నవ్వుతూ. మహేశ్వర్ నా జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాడు. సిద్దయ్య గోడ మీద చెయ్యి ఆనించి కాలు ఎత్తాడు.

"ఆగు!" అని అరిచాను. "నేనే పెడత."

మా ఎదురుకాళ్లవాళ్లలో ఒక కట్టుబాటుంది. ఒకరు కాలు పెట్టిన నడుము మీద ఆ రోజు రెండోవాళ్లు పెట్టరు. పెడితే ఆ నొప్పి వాళ్లకు అంటుకుంటుందని భయం. సిద్దయ్య టక్కున కాలు దించి వెనక్కి జరిగాడు. "గట్లనే కానీ చెల్లె. ఇంట్లోదానివి, నీదే ముందు."

అత్త పక్కన నిలబడి చీర కుచ్చిళ్లు కిందిదాకా దించాను. కుడికాలు లేపి, ఆమె నడుము మీదికి తెచ్చి ఆపాను. చీర చాటున పాదానికీ వీపుకీ నడుమ వెంట్రుకవాసి సందు. పైనుంచి చూసేవాళ్లకు తొక్కుతున్నట్టే ఉండాలి, బరువు మాత్రం రవ్వంతైనా పడకూడదు. సిద్దయ్యకు అందిన గోడ నాకు అందడం లేదు. ఫంక్షన్ హాల్లో ఇలా ఒంటికాలి మీద తూలి పడితే నవ్వుకునేవాళ్లం. ఇక్కడ తూలితే నా బరువంతా ఆమె వెన్ను మీదే. ఎడమకాలి పిక్క వణకసాగింది. కళ్లు గోడ మేకు మీద నిలిపి, ఊపిరి బిగబట్టాను. చెమట చుబుకం మీదుగా కారి టపటపా కింద పడుతోంది.

మూడుసార్లు అలా ఉత్తుత్తినే తొక్కి, కాలు దించి, గోడకు చేరగిలబడ్డాను. సిద్దయ్య తలూపాడు. గండం గడిచిందనుకున్నాను.

"ఇగ పోయింది. లెవ్వే అమ్మా," అంటూ వజ్రమ్మ తల్లి చంకల కింద చేతులు పెట్టింది. మహేశ్వర్ అటు పక్కకు వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను నడుం దగ్గర విరిచి పైకి లాగడం మొదలుపెట్టారు. నా తెలివి తగలెయ్య, నొప్పి పోయిందని నమ్మించాక లేపకుండా ఎలా ఉంటారు!

"ముట్టకుండ్రి! నేను తొక్కలే! కాలు తాకనే లేదు!"

వజ్రమ్మ నా మీదికి లేచింది. ఆమె నోటినుంచి వచ్చినవన్నీ ఇక్కడ రాయను. మహేశ్వర్ చెయ్యెత్తాడు, అది నా దాకా రాలేదు గానీ ఎత్తడం ఎత్తాడు. ఇప్పుడు ఎవరి కాలూ పడలేదు కాబట్టి సిద్దయ్య మళ్లీ పంచె సర్దుకున్నాడు.

"సిద్దయ్యా, నువ్వు ఇంటికి పో," అంది మా అత్త.

అందరం కిందికి చూశాం.

"నా ఈపు మీద దాని చెమట పడ్డది, కాలు పడలే. తొక్కనప్పుడే తెలిసింది నాకు," అంది, మాటకూ మాటకూ నడుమ పళ్లు బిగిస్తూ. "నా కోడలికి నోరెక్కువ, భయం తక్కువ. గట్లాంటిది గింతగనం వణికిందంటే ఊకెనే కాదు. నన్ను ఎవ్వరు ముట్టకుండ్రి. ఆ లీదియ వచ్చేదాంక నేను గిట్లనే ఉంట."

సిద్దయ్య చెప్పులేసుకున్నాడు. వజ్రమ్మ గుమ్మంలో కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. నేను అత్త చెయ్యి పట్టుకుని నేల మీదే కూర్చున్నాను.

ప్రార్థన ముగిసి, ఫోను చూసుకుని, లీదియా తెల్లచీరలోనే ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. అంబులెన్స్‌కు ఫోను చేసి, పలచని చెక్క ఏదైనా తెమ్మంది. మహేశ్వర్ కారు డిక్కీలోంచి వెంచర్ బోర్డు తెచ్చాడు. కట్టెమొద్దును దొర్లించినట్టు తల, భుజాలు, నడుము ఒక్కసారే కదిలేలా లీదియా మా అందరిచేతా అత్తను పట్టించి, ఆ బోర్డు మీదికి చేర్చింది. ప్లాట్ల రంగుబొమ్మ మీద వెల్లకిలా పడుకుని మా అత్త అంబులెన్స్‌లో పట్నం బయల్దేరింది.

సగం దారిలో, "పిల్లా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నయే," అంది.

లీదియా మొహం చూశాను. ఆమె నా మొహం చూడలేదు. వజ్రమ్మ దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను తొక్కలేదు నిజమే. లేపడానికి ఇద్దరూ రెక్కలు పట్టిన ఆ ఒక్క లాగుడుకే ఏదైనా జరిగిపోయిందా అనే ఆలోచన నన్ను తినేసింది.

దవాఖానలో స్కాన్ అయ్యాక కుర్ర డాక్టరొకడు వచ్చాడు. వెన్నుపూస ఒకటి ముందువైపు నలిగిందట. మీద బరువేమైనా పడిందా అని అడిగాడు. లేదని నేనే చెప్పాను. "పడి ఉంటే..." అని ఆపేసి, అత్త కాళ్ల దగ్గరికి పోయాడు. జేబులోంచి తాళంచెవి తీసి, కుడి అరికాలు మీద మడమ నుంచి పైకి గీశాడు.

పాదం కదల్లేదు.

మహేశ్వర్ మంచం ఇనుపకమ్మీ పట్టుకున్నాడు. వజ్రమ్మ వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరు మళ్లీ, ఈసారి కొంచెం ఒత్తి గీశాడు.

పాదం విసురుగా వెనక్కి పోయింది.

"ఎవలయ్యా నువ్వు? ఓర్సుకుంటుంటే మల్ల మల్ల గీకుతున్నవ్. సక్కిలిగిలైతుంది, జరుగు!" అని మా అత్త దవాఖానంతా వినబడేలా కసిరింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆ రెండు పాదాలూ పట్టుకుని, డాక్టరు చూస్తుండగానే భోరుమన్నాను.