ముక్కు దించాలి

ఇనుప చువ్వల కట్టను లారీ మీదికి దించి, కింద కూలీ కొక్కెం విడిపించాక గాని అతను ఊపిరి వదల్లేదు. గిడ్డంగిలో అందరూ అతన్ని కొక్కెం మేస్త్రి అంటారు. క్రేన్ గదిలో కూర్చుని కూర్చుని నడుం వంగింది. అరచెయ్యి పిడి ఆకారానికే తిరిగిపోయింది. బరువు కాస్త జారితే చాలు, ఆలోచన కంటే ముందు ఆ చెయ్యి పిడిని వెనక్కి లాగుతుంది. లాగితే బరువు పైకి లేస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరి కాలి మీదా చువ్వ పడలేదంటే ఆ లాగుడు చలవే.

మధ్యాహ్నం దిగుతూ మెట్ల మీద ఆగి ఆగి ఊపిరి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే గుండె ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరాలి. సెలవడిగాడు గాని, ఎందుకో చెప్పలేదు.

ఇంటికొచ్చి మంచం కింద నుంచి బొమ్మ విమానం తీశాడు. టీవీలు బాగుచేసే బావమరిది దాన్ని ఎగరెయ్యడం నేర్పుతున్నాడు. పడ్డప్పుడల్లా అతికించి అతికించి రెక్కలు జిగురు ముద్దలయ్యాయి. ఇంకోసారి పడితే అతికించడానికీ ఏమీ మిగలదు.

"రేపు కోత పెట్టుకుని ఇవాళ ఆటలా?" అంది భార్య. "భూమ్మీద ఉన్నవాళ్ళకే దారి చూపించలేరు, గాల్లో ఉన్నదానికి చూపిస్తారా?"

"పడిపోయేదాన్ని ఒక్కసారి నా చేత్తో లేపితే చాలే. మళ్ళీ అడగను."

ఊరవతల ఖాళీ స్థలంలో బావమరిది విమానాన్ని ఎగరేసి, బాగా పైకి తీసుకెళ్ళి, రెండు పుల్లలున్న రిమోట్ అతని చేతికిచ్చాడు.

"మోటార్ తగ్గించి ముక్కు పైకెత్తు బావా. వేగం చచ్చి, రెక్క వాలి, గిరగిరా తిరుగుతూ పడుతుంది. అప్పుడు గనక లాగావో, అంతే సంగతులు. తిరిగేదానికి ఎదురు దిక్కుకి ఎడమ పుల్ల కొట్టు. కుడి పుల్ల ముందుకు తొయ్యి."

"పడిపోయేదాన్ని ఇంకా కిందికి తొయ్యడమేంట్రా?"

"ముక్కు దిగితేనే రెక్కకి గాలి అందేది. ఎన్నిసార్లు చెప్పాలి? నీది బుర్రా, క్రేనా?"

విమానం ముక్కెత్తింది. క్షణం నిలిచింది. ఎడమకు వాలి, సుడి తిరుగుతూ రాలసాగింది. అతని బొటనవేలు వెనక్కి లాగింది. సుడి ఇంకా బిగిసింది.

"లాగకు! ఇటివ్వు!" బావమరిది చెయ్యి చాచాడు.

అతను భుజంతో నెట్టేశాడు. ఎడమ పుల్లను కుడివైపుకి కొట్టాడు. రెండో బొటనవేలిని, అది ఎవరిదో అయినట్టు, బలవంతాన ముందుకు తోశాడు. పడేదాన్ని పడనిచ్చాడు. తిరుగుడు ఆగింది. విమానం ముక్కు తిన్నగా నేలకేసి ఉంది. అప్పుడు మెల్లగా, గుడ్డును పట్టినట్టు, వెనక్కి తీశాడు. గడ్డి కొసలు రాసుకుంటూ అది పైకి లేచింది.

దింపడం అతనికి రాదు. బావమరిదే దింపాడు. నిన్నటి వాన తడిలో దొర్లి, బురదలో ఆగింది.

రాత్రి పడుకోబోతూ, "తోశానే," అన్నాడు.

"దేన్ని?" అంది భార్య. అప్పటికే నిద్రపోయాడు.

ఆపరేషన్ బల్ల మీద నుంచి అతను లేవలేదు. మత్తిచ్చే ముందు పిడికిలి వదులు చెయ్యమంటే, ఇట్టే వదిలాడని నర్సు చెప్పింది.

క్రేన్ గదిలోకి ఇంకొకడు వచ్చాడు. ఇల్లంతా కడిగి తుడిచిన భార్య, విమానం రెక్క కింద ఎండిన బురద జోలికి మాత్రం పోలేదు.